గురువారం సాయంత్రం నాలుగు గంటలకి

గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో 3-2 (మూడో ఏడు రెండో సెమిస్టర్) చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు ఉంది. కుదించి ఇస్తున్నాను. ఎవరిదో పోల్చుకునే వీలున్న వివరాలు తీసేశాను.

అమ్మాయికి 20 ఏళ్ళు, హాస్టల్లో ఉంటోంది. నాన్న పల్నాడులో మిరప రైతు. రెండో సంవత్సరం చివర్లో ఒక ల్యాబ్ పరీక్ష మధ్యలో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందక అక్కడే పడిపోతానేమో అనిపించింది. ఈసీజీ తీసి గుండెకేమీ లేదన్నారు. అది మళ్ళీ మళ్ళీ వస్తుంటే అమ్మ గుంటూరులో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పానిక్ డిజార్డర్ అని చెప్పి, రాత్రిపూట వేసుకోవడానికి ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర రాశారు. అదే క్లినిక్‌లో సైకాలజిస్ట్ దగ్గర ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి కౌన్సెలింగ్. సెషన్‌కి 800 రూపాయలు. అమ్మ ఇంటి ఖర్చుల్లో మిగిల్చి ఫోన్‌పే చేస్తుంది. నాన్నకి ఈ సంగతి తెలియదు.

హాస్టల్లో గేట్ పాస్ కావాలంటే స్లిప్పులో కారణం రాయాలి, వార్డెన్ ఇంటికి ఫోన్ చేసి అడుగుతారు. ఇచ్చిన నంబరు అమ్మది కాబట్టి నెట్టుకొస్తోంది. కారణం దగ్గర మాత్రం మొదటి నుంచీ “పంటి డాక్టర్” అనే రాస్తోంది. “ఇన్ని వారాలు రూట్ కెనాల్ ఎవరికి చేస్తారమ్మా అని మొన్న వార్డెన్ మేడమ్ అడిగారు. నవ్వేసి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు” అని రాసింది.

మొదటి మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) ముందు అమ్మ, “మత్తుగా ఉంటే ఏం చదువుతావు, పరీక్షలయ్యేదాకా ఆ మందులూ వద్దు, ఆ డాక్టరూ వద్దు” అంది. ఈ అమ్మాయి రెండు గురువారాలు వెళ్ళలేదు. పది రోజులు మాత్ర మానేసింది. తల తిరిగింది, తలలో కరెంటు పాకినట్టు అనిపించింది, రూమ్మేట్‌తో చిన్న మాటకే గొడవ పెట్టుకుంది. రెండో పేపర్ రాస్తుండగా పాత దడ వచ్చేసింది. “చేతి చెమటకి బిట్ పేపర్ తడిసిపోయింది. సగంలో ఇచ్చేసి బయటికొచ్చాను.” ఆ వారమే మళ్ళీ మాత్ర మొదలుపెట్టింది.

ఇంకా మూడు వారాలు క్లాసులు. ఆ తర్వాత రెండో మిడ్స్, అందులో ఒక పేపర్ గురువారం మధ్యాహ్నమే. వెంటనే ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు. ఇప్పటిదాకా 468 పీరియడ్లు జరిగితే 332కి హాజరైంది. అంటే 71 శాతం, పరీక్షలకి కూర్చోవాలంటే 75 ఉండాలి. గురువారం మధ్యాహ్నం ల్యాబ్ ఉంటుంది, క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ మూడు పీరియడ్లు పోతాయి. “అపాయింట్‌మెంట్ల వల్లే నా అటెండెన్స్ పోయింది. అమ్మ మళ్ళీ ఆపెయ్యమంటోంది. ఆపితే భయం, వెళ్తే భయం. చదువు, ట్రీట్‌మెంట్ రెండింట్లో ఏది వదులుకోవాలో మీరే చెప్పండి. నేను మీ అమ్మాయి లాంటిదాన్ని, మీరు అని పిలవకండి.”

అమ్మా, నువ్వన్నట్టే ‘నువ్వు’ అంటాను.

అన్నిటికంటే ముందు, ఉత్తరం చివర నువ్వు రాసి, సగం కొట్టేసిన వాక్యం గురించి. “ఒక్కోసారి పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది.” పెన్నుతో గీత గీశావు కానీ చదవగలిగాను. ఇలా ఎప్పటి నుంచి అనిపిస్తోంది? అంతవరకేనా, ఏదైనా చేసుకోవాలనే ఆలోచన దాకా వెళ్తోందా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు నాకు రాయనక్కర్లేదు, మీ సైకాలజిస్ట్‌కి చెప్పాలి. గురువారం దాకా ఆగకుండా ఫోన్‌లో చెప్పు. వాళ్ళకిది కొత్త మాట కాదు. విని కంగారు పడరు, తిట్టరు. రాత్రి పూట ఆ ఆలోచన గట్టిగా వస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది. పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకో. ఫోన్ చేసినా ఒంటరిగా ఉండలేననిపిస్తే పక్క మంచం మీదున్న అమ్మాయిని లేపు. గొడవ పెట్టుకున్న రూమ్మేట్ అయినా సరే, లేపు.

ఇప్పుడు నీ లెక్కకి వస్తాను. నేను డాక్టర్ని కాదు. పాతికేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, అటెండెన్స్ రిజిస్టర్లు కూడినదాన్ని. నీ ఉత్తరం చదవగానే ముందు కాగితం తీసుకుని లెక్క వేశాను.

468లో 332 పోతే నువ్వు వెళ్ళనివి 136 పీరియడ్లు. ఈ సెమిస్టర్లో తొమ్మిది గురువారాలు క్లినిక్‌కి వెళ్ళానని రాశావు. తొమ్మిది మూళ్ళు 27. మరి మిగతా 109 ఎక్కడికి పోయాయి? రోజుకి ఆరు పీరియడ్ల చొప్పున అవి 18 రోజులు. ఏ రోజులో నీ ఉత్తరంలోనే ఉన్నాయి. “లేచాను కానీ గది దాటలేకపోయాను” అని రాసిన రోజులు. మాత్ర మానేసిన ఆ పది రోజుల్లో క్లాసుకి వెళ్ళలేనివి. రాత్రంతా నిద్ర లేక పొద్దున్నే పడుకున్నవి. నీ అటెండెన్స్‌లో అపాయింట్‌మెంట్లు తిన్నది ఆరు శాతం కంటే తక్కువే. జబ్బు తిన్నది దానికి నాలుగింతలు. నువ్వేమో నేరమంతా గురువారం నెత్తిన వేస్తున్నావు, ఎందుకంటే గురువారం కంటికి కనిపిస్తుంది. స్లిప్పు ఉంటుంది, బస్సు టికెట్ ఉంటుంది, 800 ఖర్చు ఉంటుంది. లేవలేకపోయిన పొద్దుటికి ఏ కాగితమూ ఉండదు.

అందుకే ‘ఏది వదులుకోవాలి’ అన్న ప్రశ్న తప్పుగా పడిందనిపిస్తోంది నాకు. గురువారాలు వదులుకుంటే 27 మిగులుతాయని నువ్వూ అమ్మా అనుకుంటున్నారు, ఆ 109 పెరుగుతాయేమోనని చూడటం లేదు.

ఇంకా మూడు వారాల క్లాసులున్నాయి కదా, వారానికి 36 చొప్పున 108 పీరియడ్లు. అన్నిటికీ వెళ్తే 576కి 440, అంటే 76 శాతం దాటుతుంది. మూడు గురువారాలూ ల్యాబ్ మానేస్తే 431, 74.8 శాతం. రెండే మానేస్తే 434, 75 దాటేస్తావు. చూశావా, నీకూ 75 శాతానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క గురువారం. ఒక్క సెషన్‌ని వేరే రోజుకి మార్చుకుంటే చాలు. అదీ కుదరక 74 దగ్గర ఆగిపోయినా కొంప మునగదు. జేఎన్టీయూల పద్ధతిలో 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్ళకి అనారోగ్య కారణం మీద మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుని మన్నించమని అడిగే వీలుంది. 65 కంటే తగ్గితేనే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవడం. మీ కాలేజీ అటానమస్ (పరీక్షలు తనే పెట్టుకునేది) అయితే నిబంధనల్లో చిన్న తేడాలుండొచ్చు, ఎగ్జామ్ సెక్షన్‌లో అడిగి నిర్ధారించుకో. ఈ మాట ఎవరూ నీకు చెప్పలేదు, పాపం, 75 అన్న ఒక్క అంకె చెప్పి వదిలేశారు.

ఆ చెడిపోయిన మిడ్ పేపర్ గురించి కూడా ఒక మాట. మీది ఆర్20, ఆర్23 లాంటి రెగ్యులేషన్ (2020, 2023లలో వచ్చిన యూనివర్సిటీ నిబంధనలు) అయితే రెండు మిడ్స్‌లో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజి ఇస్తారు. అంటే రెండో మిడ్ బాగా రాస్తే మొదటిది చేసిన నష్టం చాలావరకు పూడిపోతుంది. నీ రెగ్యులేషన్ ఏదో హాల్ టికెట్ మీద చూసుకో.

ఇక ట్రీట్‌మెంట్ సంగతి. ఉత్తరమంతా ‘డాక్టర్ దగ్గరికి వెళ్ళడం’ అని ఒకే ముద్దగా రాశావు. విడదీస్తే అందులో మూడున్నాయి. రాత్రి వేసుకునే మాత్ర ఒకటి. నెలకొకసారి సైకియాట్రిస్ట్ పది నిమిషాలు చూసి మందు సరిచూడటం రెండోది. వారం వారం ముప్పావుగంట కౌన్సెలింగ్ మూడోది. మాత్రకి నీ టైమ్‌టేబుల్‌తో పనే లేదు, మంచినీళ్ళతో మింగి పడుకుంటావు. నెలకోసారి వెళ్ళేది ఏ సెలవు రోజునైనా సర్దుకోవచ్చు. వారం వారం వెళ్ళేదొక్కటే పరీక్షలకి అడ్డొస్తోంది, దాన్నే జరపడానికి వీలుంది. మొదటి మిడ్స్‌కి మీరు చేసిందేమిటి? జరపగలిగినదాన్ని ఆపడమే కాక, అసలు అడ్డే రాని మాత్రని కూడా ఆపేశారు.

మాత్ర మాత్రం పరీక్షల ముందు నీ అంతట నువ్వు ఆపకు. ఇందులో నేను రెండు వైపులా మాట్లాడలేను. ఈ రకం మందులు పని చూపించడానికే రెండు నుంచి ఆరు వారాలు తీసుకుంటాయి. హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, కరెంటు పాకినట్టుండటం, చిరాకు, నిద్ర చెడటం మామూలే. నువ్వు రాసినవన్నీ అవే. ‘మందుకి బానిసవైపోయావు, అందుకే ఇలా అయింది’ అని అమ్మ అనుకుని ఉంటుంది. అది బానిసత్వం కాదు, అలవాటైన మందు ఒక్కసారిగా అందకపోయేసరికి ఒళ్ళు పడ్డ తిప్పలు. నిజంగా ఆపాల్సి వచ్చినప్పుడు డాక్టర్లు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. అయినా బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించడం రివాజు. పొద్దున మత్తుగా ఉంటోందన్న అమ్మ బాధ అబద్ధం కాదు. దానికి మానేయడం మందు కాదు, డాక్టర్‌కి చెప్పడం. ఇంకా ముందుగా వేసుకోమనొచ్చు, పూట మార్చొచ్చు, మోతాదు చూడొచ్చు. ఆ మార్పు ఏదైనా ఇప్పుడే చేయించుకో. పరీక్షకి రెండు రోజుల ముందు కొత్త మార్పులు పెట్టుకోకు. నిద్ర పట్టడం లేదని స్నేహితురాలి దగ్గరున్న నిద్రమాత్ర కూడా తీసుకోకు.

వారం వారం సెషన్‌ని ఎలా జరపొచ్చో చూద్దాం.

ఉన్నది ఉన్నట్టు ప్రతి గురువారం వెళ్ళొచ్చు. సెమిస్టర్ పరీక్షలు పది నుంచి ఒంటిగంట దాకా కాబట్టి, పరీక్ష రాసిన రోజైనా నాలుగింటికి క్లినిక్‌లో ఉండగలవు. మర్నాడు పరీక్ష లేని గురువారమైతే ఇది బాగుంటుంది. మర్నాడు పేపర్ ఉంటే మాత్రం రానూ పోనూ గంటన్నర ప్రయాణం, మనసు తోడుకునే ముప్పావుగంట, తిరిగొచ్చేసరికి మెస్‌లో భోజనం అయిపోవడం, అన్నీ కలిపి ఆ సాయంత్రం చదువు సాగదు. పైగా కొన్ని సెషన్లలో కావాలనే దడ తెప్పించి, దాన్ని తట్టుకోవడం అభ్యాసం చేయిస్తారు. అలాంటిది పరీక్ష ముందురోజు వద్దని నువ్వే చెప్పొచ్చు. చెప్తే ఏమీ అనుకోరు.

లేదా రోజు మార్చమని అడగొచ్చు. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున వాళ్ళు చూస్తారా? చూస్తే ల్యాబ్ పోదు, మిడ్‌తో తగాదా ఉండదు. ఇబ్బందల్లా ఆ స్లాట్లు అందరికీ కావాలి. పరీక్షల వారంలో అడిగితే దొరకవు, ఇప్పుడు అడిగితే దొరకొచ్చు.

ఫోన్‌లో, వీడియోలో సెషన్ అడగడం మరో దారి. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చినప్పటి నుంచి డాక్టర్లు ఫోన్‌లో చూడటం మామూలైపోయింది, కౌన్సెలింగ్ కూడా చాలాచోట్ల అలాగే నడుస్తోంది. బస్సు, గేట్ పాస్, స్లిప్పు ఏమీ ఉండవు. కానీ నలుగురున్న గదిలో, మంచం మీద కూర్చుని, దుప్పటి కప్పుకుని గుసగుసగా ఏం మాట్లాడతావు? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గ్రౌండ్‌లో ఓ చెట్టు కింద కూర్చోగలిగితే, ఖాళీ క్లాస్‌రూమ్ దొరికితే ఇది పనికొస్తుంది. లేకపోతే ఎవరైనా వింటున్నారేమోనన్న టెన్షన్‌తోనే సెషన్ అయిపోతుంది.

పరీక్షలు నడిచే ఆ మూడు నాలుగు వారాలు రెండు వారాలకోసారి వెళ్ళి, మధ్యలో పావుగంట ఫోన్ మాట్లాడటం కూడా ఉంది. నన్నడిగితే నీకు ఇది సరిపోయేలా ఉంది. కానీ ఆ చివరి వాక్యం రాసి కొట్టేశావు కాబట్టి, ఈ నిర్ణయం నేను చెప్పకూడదు, నువ్వూ ఒక్కదానివే తీసుకోకూడదు. దాని గురించి విన్నాక మీ సైకాలజిస్ట్ “పర్లేదు, తగ్గిద్దాం” అంటే తగ్గించు. “ఇప్పుడే కాదు” అంటే వారం వారం వెళ్ళు, చదువులో కొంత పోయినా సరే. డాక్టర్‌కి చెప్పి దూరం పెంచుకోవడం వేరు, చెప్పకుండా మాయమైపోవడం వేరు. ఎలాగోలా కుదిరే ఏర్పాట్లలో ఏది తీసుకున్నా, పరీక్షలయ్యాక మళ్ళీ వెళ్ళే తేదీ ఇప్పుడే రాయించుకుని రా.

ఇవన్నీ చేశాక కూడా ఒక పేపర్ పోతే? దాన్ని కూడా ధైర్యంగా చూద్దాం. సప్లీ, అంటే ఆ పేపర్ మళ్ళీ రాయాలి. 4-1లో ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి, చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ (పాసవ్వని పేపర్) ఉన్నవాళ్ళని కూర్చోనివ్వవు. కాబట్టి ఖర్చు లేదని నేననను. సప్లీ ఎప్పుడు పెడతారో, ఫలితం ఎప్పుడొస్తుందో ముందే కనుక్కో. కానీ పోయేది ఒక పేపర్, ఏడాది కాదు. మరీ కష్టమనిపించే సబ్జెక్ట్ ఒకటుంటే దాన్ని సప్లీకి వదిలి మిగతావాటి మీద కూర్చునే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా.

ఇంతసేపూ టైమ్ గురించే మాట్లాడుకున్నాం కానీ, నిన్ను ఎక్కువ అలిసిపోయేలా చేస్తున్నది టైమ్ కాదమ్మా. ముప్పావుగంట సెషన్, గంటన్నర బస్సు. వారంలో మొత్తం రెండుంబావు గంటలు. కానీ బుధవారం నుంచే స్లిప్పులో ఏం రాయాలన్న గుబులు. వార్డెన్ ఎదురొస్తే పళ్ళు కనిపించకుండా నవ్వడం. మాత్రల డబ్బా పౌడర్ డబ్బాలో దాచడం. నాన్న ఫోన్ చేస్తే అప్పుడే బస్సు హారన్ వినిపిస్తుందేమోనని కట్ చేసి, తర్వాత క్లాస్‌లో ఉన్నానని చెప్పడం. ఇవన్నీ నువ్వు రాసినవే. జబ్బుని మోయడం కంటే దాన్ని దాచడానికే ఎక్కువ బరువు మోస్తున్నావు. పానిక్ ఉన్న మనిషికి రోజూ పట్టుబడిపోతానన్న భయం తోడైతే ఎలా తగ్గుతుంది?

అందరికీ చెప్పెయ్యమనను. లోకం ఎలా ఉందో నాకు తెలుసు, ‘ఎవరికైనా తెలిస్తే రేపు పెళ్ళి ఎలా’ అని అమ్మ అన్న మాట వెనక ఉన్న భయమూ తెలుసు. అబద్ధాన్ని మాత్రం కొంచెం తగ్గించుకో. స్లిప్పులో ‘డాక్టర్ అపాయింట్‌మెంట్’ అని రాస్తే చాలు, ఏ డాక్టరో రాయనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. కండొనేషన్‌కి సర్టిఫికెట్ అడిగేటప్పుడు ‘నా చికిత్సలో ఉన్నారు’ అని మాత్రం రాయమని అడగొచ్చు. కానీ నీకు అరచేతిలో వైకుంఠం చూపించను. లెటర్‌హెడ్ మీద డాక్టర్ పేరు కింద ఎండీ సైకియాట్రీ అని అచ్చు వేసి ఉంటుంది, చూసే కళ్ళుంటే కనిపిస్తుంది. అందుకే ఆ కాగితం కౌంటర్‌లో పడేసే బదులు నువ్వు నమ్మే ఒక్క మనిషి చేతికివ్వు. హెచ్‌ఓడీనో, మెంటర్‌గా ఉన్న లెక్చరరో, నీకు తెలుస్తుంది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని చెప్పింది. పరీక్షల సమయంలో పిల్లలకి తోడుగా మెంటర్లని పెట్టమనీ చెప్పింది. మీ కాలేజీలో ఎవరున్నారో అడుగు. ఆ పని పాఠాలు చెప్పే లెక్చరర్‌కే అదనంగా అప్పగించి ఉండొచ్చు. అలాగైతే నోరు విప్పే ముందు “నేను చెప్పేది ఇంకెవరికి చేరుతుంది మేడమ్?” అని అడగడం నీ హక్కు.

ఒక్కరికైనా చెప్పమని ఎందుకంటున్నానో చెప్తాను. పదిహేనేళ్ళ కిందట ఒక పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా ఉన్నాను. రెండో వరుసలో ఒక అబ్బాయి పేపర్ ఇచ్చిన ఇరవై నిమిషాలకి లేచి, “మేడమ్, ఐదు నిమిషాలు వరండాలో నిలబడి వస్తాను” అన్నాడు. మొదటి అరగంట ఎవరినీ పంపకూడదు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు. తర్వాత సంతకం పెట్టడానికి వెళ్ళి చూస్తే, అతని చెయ్యి ఆనిన చోట ఆన్సర్ షీట్ తడిసి, హాల్ టికెట్ నంబరులో చివరి రెండు అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. మళ్ళీ దిద్ది రాయమన్నాను. గంటకి తెల్ల కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు. చదవలేదనుకున్నాను. నీ ఉత్తరంలో చేతి చెమటకి బిట్ పేపర్ తడిసిందన్న ముక్క చదివాక ఆ రెండు అంకెలే కళ్ళ ముందు నిలిచాయి. నాకు ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే, అటెండర్‌ని తోడిచ్చి వరండాలో నిలబెట్టేదాన్ని. మీ మెంటర్ ద్వారా చీఫ్ సూపరింటెండెంట్‌కి ఆ ఒక్క మాట చేరితే, తలుపు పక్క బెంచీ ఇవ్వడం, మంచినీళ్ళ సీసా ఉంచుకోనివ్వడం పెద్ద పని కాదు.

హాల్లో దడ మొదలైతే ఏం చెయ్యాలో మీ సైకాలజిస్ట్ నీకు నేర్పే ఉంటారు, రెండో మిడ్ లోపల ఒక సెషన్ మొత్తం దానికే కేటాయించమని అడుగు. నాకు తెలిసింది ఇంతే. అది మామూలుగా పది నిమిషాల్లోపు శిఖరానికి వెళ్ళి దానంతటదే దిగుతుంది. మూడు గంటల పేపర్లో పది నిమిషాలు పోనివ్వొచ్చు. పెన్ను కింద పెట్టు, పాదాలు నేలకి ఆనించు, పీల్చేదానికంటే వదిలే ఊపిరి పొడుగ్గా వదులు. దిగుతుండగా నీకు బాగా వచ్చిన ప్రశ్నకి బొమ్మ వెయ్యి. ఆ పొద్దున రెండో కాఫీ తాగకు, ఖాళీ కడుపుతో వెళ్ళకు.

అమ్మ మీద కోపం తెచ్చుకోకు. నిన్ను మొదట క్లినిక్ మెట్లెక్కించింది ఆవిడే, నెల నెలా కొంగు ముడిలోంచి తీస్తున్నదీ ఆవిడే. ఆవిడ దగ్గర వాదించొద్దు. ఈసారి నెలవారీ చూపుకి వెళ్ళేటప్పుడు ఆవిడనీ తీసుకెళ్ళి, మత్తు గురించి, మందు మానేయడం గురించి ఆవిడనే డాక్టర్‌ని అడగనివ్వు. డబ్బు మరీ కష్టమైతే గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక విభాగం ఉంది, మందులు ఉచితం. ఓపీ పొద్దున పూట, క్యూ ఉంటుంది, క్లాసులు పోతాయి, కాబట్టి పరీక్షలయ్యాక ఆలోచించు. నాన్నకి చెప్పడమూ అంతే. పరీక్షల మధ్యలో ఇంట్లో పెద్ద మాటలు వద్దనే నా మనసుకి తోస్తోంది. కానీ వార్డెన్ పొరపాటున ఆయనకి ఫోన్ చేసే ప్రమాదం ఉందనుకుంటే, పరాయి నోట వినేకంటే అమ్మ నోట వినడం మేలు. ఇది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

సోమవారం పొద్దున క్లినిక్ రిసెప్షన్‌కి ఫోన్ చెయ్యి. పరీక్షల టైమ్‌టేబుల్ చేతిలో పెట్టుకుని, మిడ్ ఉన్న గురువారం బదులు ఏ రోజు ఇస్తారో అడిగి, తేదీ రాసుకో. ఆ కొట్టేసిన వాక్యం గురించి ఈరోజే సైకాలజిస్ట్‌కి మెసేజ్ పెట్టు. ఇక సాయంత్రం అమ్మకి ఫోన్ చేసినప్పుడు, “అమ్మా, పోయినసారి ఆపి చూశాం కదా, పేపర్ సగంలో ఇచ్చేసి వచ్చాను. ఈసారి ఆపకుండా రాసి చూస్తాను. నువ్వు కూడా ఒకసారి నాతో రా” అని చెప్పు.